రిస్టోర్ చేసి చూశారా?

పోయిన నెలలో ఒక రాత్రి పదకొండున్నరకి పాత క్లాస్‌మేట్ ఒకడు ఫోన్ చేశాడు. పలకరింపులేమీ లేవు. "ఒరేయ్, బ్యాకప్ ఫైల్ ఓపెన్ కావట్లేదు, ఒకసారి చూస్తావా" అన్నాడు. వాడు పనిచేసే చిన్న కంపెనీలో ఆ సాయంత్రం డేటాబేస్ సర్వర్ డిస్క్ పోయింది. రోజూ రాత్రి క్లౌడ్‌కి బ్యాకప్ వెళ్తోంది కదా అని అప్పటిదాకా అందరూ ధైర్యంగానే ఉన్నారట. స్క్రీన్ షేర్ చేశాడు. బకెట్ (క్లౌడ్‌లో ఫైళ్లు దాచే చోటు) నిండా ఫైళ్లు. రోజుకొకటి, తేదీతో సహా, ఒక్క రోజు కూడా తప్పలేదు. నేను సైజు కాలమ్ చూశాను. 20 బైట్లు. దాని కిందిదీ 20 బైట్లు. ఇంకా కిందికి వెళ్లాం. నాలుగు నెలల వెనక్కి వెళ్లేదాకా ప్రతి ఫైలూ 20 బైట్లే.

ఏమీ లేని దాన్ని జీజిప్ అనే టూల్‌తో కుదిస్తే 20 బైట్ల ఫైలు వస్తుంది. నాలుగు నెలల కిందట ఎవరో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చారు. బ్యాకప్ తీసే స్క్రిప్టులో (వరసగా నడిచే కమాండ్ల ఫైలులో) పాతదే ఉండిపోయింది. డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలుగా బయటికి తీసే డంప్ కమాండ్ ప్రతి రాత్రీ పాస్‌వర్డ్ తప్పని చెప్పి ఆగిపోయేది. కానీ దాని అవుట్‌పుట్ పైప్‌లో, అంటే ఒక కమాండ్ నుంచి ఇంకోదానికి నేరుగా, జీజిప్‌కి వెళ్తోంది, కమాండ్లను నడిపే షెల్ మామూలుగా పైప్‌లో చివరి కమాండ్ ఫలితాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. జీజిప్ తనకొచ్చిన ఖాళీని కుదించింది, అప్‌లోడ్ సరిగ్గానే జరిగింది, "బ్యాకప్ సక్సెస్" అని మెయిల్ వెళ్లింది. నాలుగు నెలలు రోజూ అదే మెయిల్.

స్క్రిప్టు మొదట్లో పైప్‌లో ఏ కమాండ్ ఫెయిలైనా ఫెయిలైనట్టే లెక్కించే పైప్‌ఫెయిల్ ఆప్షన్ పెట్టి ఉంటే మొదటి రాత్రే దొరికిపోయేదని ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు. వాడికీ తెలుసు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టనివ్వని విషయం వేరే. నాలుగు నెలల్లో ఒక్కరంటే ఒక్కరు, ఒక్క ఫైలైనా దించుకుని తెరిచి చూడలేదు. చూడాలని ఎవరికీ తట్టకపోవడానికి కారణం రోజూ వస్తున్న ఆ సక్సెస్ మెయిలే. చివరికి ఒక డెవలపర్ ల్యాప్‌టాప్‌లో నెలన్నర పాత కాపీ దొరికింది. మిగిలినదంతా కస్టమర్లకు పంపిన ఇన్‌వాయిస్ మెయిళ్లు చూసి మళ్లీ ఎక్కించుకుంటున్నారు.

ఎన్నాళ్లుగానో మనసులో ఉన్న మాట ఆ రాత్రి తర్వాత గట్టిపడింది. బ్యాకప్ స్క్రిప్టు రాయడానికి కూర్చున్నవాళ్లు ముందు రిస్టోర్ స్క్రిప్టు, అంటే బ్యాకప్‌ని తిరిగి తెచ్చేది, రాయాలి. పంపే స్క్రిప్టు ఆ తర్వాత. తిరిగి తెచ్చి, తెరిచి, లోపల ఉన్నది చదివి చూసేదాకా బకెట్‌లో ఉన్నవి ఫైళ్లు మాత్రమే. వాటికి బ్యాకప్ అన్న పేరు అప్పుడే ఇవ్వకూడదు.

పెద్దవాళ్ల దగ్గరా ఇదే

చిన్న కంపెనీ కాబట్టి అలా జరిగింది అనుకోవడం సులువు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైటు గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31న ఏం జరిగిందో ఆ కంపెనీయే దాచకుండా రాసింది. రెప్లికేషన్ (ఒక సర్వర్ డేటాని రెండోదానికి కాపీ చేసే పని) సమస్యతో రాత్రి పొద్దుపోయేదాకా కుస్తీ పడుతున్న ఇంజినీరు, రెండో సర్వర్ మీద ఉన్నాననుకుని అసలు సర్వర్ మీదే డేటా డైరెక్టరీ తీసేశాడు. ఒకటి రెండు సెకన్లలో తెలుసుకుని ఆపాడు. అప్పటికే దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. సరే, బ్యాకప్ ఉందిగా అని అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్ ఎస్3లోని బకెట్ తెరిస్తే ఖాళీ. సర్వర్‌లో ఉన్న డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, డంప్ తీసే టూల్ 9.2. వెర్షన్ కలవక డంప్ రోజూ ఫెయిలవుతోంది. ఫెయిలైనప్పుడు మెయిల్ రావాలి. ఆ మెయిళ్లేమో నకిలీ మెయిళ్లను ఆపే డీమార్క్ నిబంధన ప్రకారం సంతకం లేనివని రిసీవ్ చేసుకునే సర్వరే తిప్పి కొడుతోంది. ప్రమాదానికి ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డిస్క్ ఎలా ఉందో అలాగే తీసిన కాపీ) వల్ల వాళ్లు బయటపడ్డారు. సైటు దాదాపు 18 గంటలు ఆగింది.

ఆ రిపోర్టు చదివిన ప్రతిసారీ నన్ను ఆపేది ఆ మెయిల్ సంగతే. హెచ్చరిక పెట్టారు. అది చేరుతుందా లేదా అని ఎవరూ చూడలేదు. ఫెయిలైతే మెయిల్ పంపు అన్న లైను రాయగానే మన పని అయిపోయిందని మనసు నమ్మేస్తుంది. సర్వర్ ఆగిపోయినా, చెప్పిన టైముకి పనులు నడిపే క్రాన్ నడవకపోయినా, మెయిల్ దారిలో పోయినా మనకు కనిపించేది ఒక్కటే, నిశ్శబ్దం. అంతా బాగున్నప్పుడు కూడా ఉండేది అదే నిశ్శబ్దం. అందుకే నేను లెక్క తిరగేసుకున్నాను. నా స్క్రిప్టు పని పూర్తయ్యాక బయట ఇంకోచోట ఉన్న ఒక చిన్న సర్వీసుకి "అయింది" అని చెప్పాలి. చెప్పాల్సిన టైముకి చెప్పకపోతే ఆ సర్వీసు నా ఫోన్ మోగిస్తుంది.

క్రాన్ గురించి ఒక్క మాట. తేదీ కోసం వాడే శాతం గుర్తుకి క్రాన్ పనులు రాసే క్రాన్‌ట్యాబ్‌లో అర్థం వేరు. అక్కడ అది కొత్త లైను. టెర్మినల్‌లో పదిసార్లు చక్కగా నడిచిన కమాండ్ క్రాన్‌లో సగంలో తెగిపోతుంది. నేను చేత్తో నడిపి చూశాను, బాగానే ఉంది అన్న మాట మీద నాకు నమ్మకం పోయింది ఇలాంటి వాటి వల్లే.

పేర్లు పోయిన రోజు

ఇదంతా చదివి నేర్చుకున్నదే అయితే ఇంత పట్టుదల ఉండేది కాదేమో. మా అమ్మ వాళ్ల ఊళ్లో పాల సంఘం ఉంది. 2016లో ఆ సంఘం లెక్కలు కంప్యూటర్‌కి ఎక్కించే పని నేనే చేసిపెట్టాను. పొద్దున, సాయంత్రం పాలు పోసినప్పుడు లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాని ఘన పదార్థాల శాతం) ఎక్కుతాయి. తెలుగులో పేరుతో చీటీ ప్రింటవుతుంది. పదిహేను రోజులకోసారి బిల్లు. డేటా ఒక చిన్న క్లౌడ్ సర్వర్‌లో ఉండేది, బ్యాకప్ స్క్రిప్టు నేను రాసిందే. మొదట్లో దాన్ని రాత్రి 2 గంటలకి పెట్టాను. సర్వర్ గడియారం మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే యూటీసీలో ఉందని చూసుకోలేదు. అంటే మనకు పొద్దున ఏడున్నర, సరిగ్గా అందరూ క్యాన్లతో వరసలో నిలబడే టైము. డంప్ జరుగుతున్నంతసేపూ టేబుళ్లు లాకైపోయి చీటీ వచ్చేది కాదు. సెక్రటరీ గారు చాలా రోజులు ఓపిక పట్టి, "బాబూ, రోజూ ఏడున్నరకే ఎందుకాగిపోతోంది?" అని అడిగితే అప్పుడు సరిచేశాను.

అసలు దెబ్బ 2019 మే నెలలో తగిలింది. సర్వర్ పాతబడిందని కొత్తదానికి మార్చాను. బ్యాకప్ నుంచే ఎక్కించాను, అదే మంచి పరీక్ష అనుకుని. చెక్‌సమ్ (ఫైలు మారలేదని చూసే అంకె) సరిపోయింది. సభ్యుల సంఖ్య సరిపోయింది. మూడేళ్ల చీటీల సంఖ్య సరిపోయింది. చివరి బిల్లు మొత్తం పైసలతో సహా సరిపోయింది. పాత సర్వర్ డిలీట్ చేసి పడుకున్నాను.

పొద్దున ఐదున్నరకి మొదటి చీటీ ఫోటో వాట్సాప్‌లో వచ్చింది. సభ్య నంబరు ఉంది, లీటర్లు ఉన్నాయి, ఫ్యాట్ ఉంది. పేరు ఉండాల్సిన చోట వరసగా ఎనిమిది ప్రశ్నార్థకాలు.

డంప్ కమాండ్‌ని నేను ఒక పాత ఇంగ్లిష్ వెబ్‌సైట్ కోసం రాసుకున్న స్క్రిప్టులోంచి తెచ్చుకున్నాను. అందులో క్యారెక్టర్ సెట్, అంటే వాడదగ్గ అక్షరాల పట్టిక, లాటిన్1 అని ఉంది. డేటాబేస్‌లో తెలుగు శుభ్రంగా ఉన్నా, డంప్ తీసేటప్పుడు సర్వర్ దాన్ని లాటిన్1లోకి మార్చాలి. లాటిన్1లో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. కాబట్టి ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకీ ఒక ప్రశ్నార్థకం. పేరు ఖాళీగా ఉందా అని చూసే చెక్ పెట్టినా పాసయ్యేది. పేరు పొడవు కొలిచినా పాసయ్యేది. వెనక్కి వెళ్లి దాచిన బ్యాకప్‌లన్నీ తెరిచాను. మొదటి రోజు నుంచీ ప్రతిదాంట్లోనూ అంతే. రెండున్నరేళ్లకు పైగా ప్రతి రాత్రీ నేను ప్రశ్నార్థకాలను భద్రంగా దాచి, అవి చెక్కుచెదరలేదని చెక్‌సమ్‌తో రుజువు చేసుకుంటూ వచ్చాను.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను. సెక్రటరీ గారు కోప్పడలేదు. "డబ్బు లెక్క సరిగ్గా ఉంది కదా, కంగారుపడకు" అని బల్ల మీద పాత బైండు రిజిస్టర్లు పెట్టారు. 2016కి ముందు చేరినవాళ్ల పేర్లు వాటిలో దొరికాయి. తర్వాత చేరినవాళ్లకి కొందరివి బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు ఉన్నాయి, కొందరివి లేవు. లేనివాళ్ల కోసం ఆయన చేసిన పని నేను మర్చిపోలేను. నంబరు చెప్పకుండా, "ఏ పూట ఎన్ని పోశారో చదువు" అన్నారు. పొద్దున నాలుగు, సాయంత్రం రెండున్నర, ఫ్యాట్ ఎనిమిదికి తగ్గలేదు అని చదివితే కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించి, "చెరువు గట్టు కింద ఇల్లు, ఒకటే గేదె, ఆ అమ్మాయి" అని పేరు చెప్పేవారు. నేను టైప్ చేసేవాణ్ని. తర్వాత వాళ్లింటికి వెళ్లి అడిగి సరిచూసుకునేవాళ్లం. రెండు రోజులు పట్టింది.

రెండో రోజు సాయంత్రం ఆయన ఒక మాటన్నారు. "చదువు రానివాళ్లు కూడా చీటీ అందుకోగానే పేరున్న చోటే చూస్తారు బాబూ. అంకెలు తర్వాత."

చెక్‌సమ్ చెప్పేది ఎంతవరకు

చెక్‌సమ్ మీద నాకు కోపం లేదు. పంపింది పంపినట్టు చేరిందని అది చెబుతుంది, ఆ పని బాగా చేస్తుంది. అక్కడా జాగ్రత్త కావాలి. ఎస్3లో పెద్ద ఫైలు ముక్కలుగా అప్‌లోడైతే దానికి ఎస్3 చూపించే గుర్తు, ఈట్యాగ్, ఆ ఫైలు ఎండీ5 చెక్‌సమ్ కాదు, ముక్కల చెక్‌సమ్‌ల మీద లెక్కగట్టిన ఇంకో చెక్‌సమ్. రెండూ పోల్చి, కలవలేదని కంగారుపడి, చివరికి ఆ చెక్కే తీసేసినవాళ్లను నేనెరుగుదును. సరిగ్గా వాడుకున్నా, పంపింది పనికొచ్చేదా అన్న ప్రశ్నకి చెక్‌సమ్ దగ్గర జవాబు లేదు. డంప్ ఫైలు చివర "డంప్ పూర్తయింది" అన్న లైను ఉందా అని చూడటం ఒక మెట్టు. నిన్నటి సైజుతో పోల్చడం ఇంకో మెట్టు, మా క్లాస్‌మేట్‌ని ఆ ఒక్క మెట్టే కాపాడి ఉండేది. పాల సంఘాన్ని ఇవేవీ కాపాడేవి కావు. తాత్కాలిక సర్వర్ తెచ్చి, అందులోకి రిస్టోర్ చేసి, ఒక పేరు చదివి, అందులో తెలుగు అక్షరాలున్నాయా అని అడిగే లైను కావాలి. ఆ డేటా ఎవరిదో, దాన్ని వాళ్లు ఎలా వాడతారో తెలిసినవాళ్లు మాత్రమే ఆ లైను రాయగలరు. ఏ టూల్‌తోనూ అది రెడీమేడ్‌గా రాదు.

రిస్టోర్‌కి ఎంతసేపు పడుతుందో కూడా రాసిపెట్టుకోవాలి. చవకని అన్నీ అమెజాన్ వాళ్ల గ్లేసియర్ డీప్ ఆర్కైవ్ స్టోరేజ్‌లో పడేస్తే, తిరిగి తీయడానికి మామూలుగా 12 గంటల దాకా, ఇంకా చవక దారిలో 48 గంటల దాకా పడుతుంది. ఆ అంకె సర్వర్ పడిపోయిన రోజు తెలియడం మంచిది కాదు.

స్క్రిప్టే ముంచితే

నా పాత మేనేజర్‌ ఒకాయనతో దీని మీద చాలాసార్లు వాదన జరిగింది. ఆయన మాట ఇది: "నువ్వు రాసే కోడ్ పెరిగేకొద్దీ చెడిపోయే చోట్లు పెరుగుతాయి. క్లౌడ్ కంపెనీయే నడిపే మేనేజ్డ్ డేటాబేస్ తీసుకో, స్నాప్‌షాట్లు ఆన్ చెయ్, వదిలెయ్." తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. పాల సంఘం విషయంలో ఆయన చెప్పిన డిస్క్ స్నాప్‌షాట్ ఒక్కటి ఉన్నా పేర్లు పోయేవి కావు. ఒప్పుకుంటాను.

ఆయన వైపు ఇంతకన్నా గట్టి సాక్ష్యం క్యోటో విశ్వవిద్యాలయం. 2021 డిసెంబరులో అక్కడి సూపర్‌కంప్యూటర్ స్టోరేజ్‌లో 77 టీబీ డేటా, దాదాపు 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. చేసింది బ్యాకప్ స్క్రిప్టే. పాత లాగ్ ఫైళ్లు తీసేసే భాగం ఒకటి అందులో ఉంది. చదవడానికి తేలిగ్గా ఉండాలని వేరియబుల్ పేర్లు మార్చి, స్క్రిప్టు నడుస్తుండగానే దాని మీద కొత్త ఫైలు రాశారు. స్క్రిప్టుని నడిపే బ్యాష్ షెల్ దాన్ని మొత్తం ఒకేసారి చదువుకోదు, నడుస్తూ నడుస్తూ చదువుతుంది. సగంలో కొత్త ఫైలు లోంచి చదవడం మొదలుపెట్టేసరికి డైరెక్టరీ పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీ. లాగ్‌లకు బదులు పరిశోధకుల ఫైళ్లు పోయాయి. 14 పరిశోధన బృందాలకు నష్టం జరిగింది, తప్పు పూర్తిగా తమదేనని సిస్టమ్ ఇచ్చిన హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ జపాన్ సంస్థ ఒప్పుకుంది. మంచి ఉద్దేశంతో చేసిన చిన్న మార్పది. అది నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

దగ్గర్లోనూ చూశాను. వరంగల్‌లో ఒక ఫోటో స్టూడియో ఆయన పెళ్లి ఆల్బమ్‌లన్నీ బయటి డిస్క్‌లో పెట్టుకుని ఆర్‌క్లోన్ అనే టూల్‌లోని సింక్‌తో క్లౌడ్‌కి పంపేవారు. ఒక రాత్రి కేబుల్ వదులై డిస్క్ మౌంట్ కాలేదు. ఫోల్డర్ ఖాళీగా కనిపించింది. సింక్ అంటే రెండు వైపులా ఒకేలా ఉంచడం. అది క్లౌడ్‌నీ ఖాళీ చేసింది. డిస్క్ బాగానే ఉంది కాబట్టి నష్టం జరగలేదు. అదే రాత్రి డిస్క్ పోయి ఉంటే? ఆ మర్నాడు నేను చేసిపెట్టినవి మూడే. సింక్ తీసేసి కాపీ పెట్టాను. బకెట్‌లో పాత వెర్షన్లు కూడా ఉంచే వెర్షనింగ్ ఆన్ చేశాను. స్క్రిప్టు క్లౌడ్‌లోకి వెళ్లడానికి వాడే కీకి రాసే అనుమతి ఉంచి డిలీట్ అనుమతి తీసేశాను. అప్పటి నుంచి నా ఏ బ్యాకప్ స్క్రిప్టు చేతిలోనూ చెరిపే అధికారం లేదు. పాతవి తీసేయడం బకెట్ లైఫ్‌సైకిల్ రూల్ పని.

అయినా "వదిలెయ్" అన్న చోట మేనేజర్‌ గారితో నేను కలవలేను. స్నాప్‌షాట్లు ఎక్కువసార్లు అసలు డేటా ఉన్న ఖాతాలోనే ఉంటాయి. ఆ ఖాతా పోతే? 2024 మేలో ఆస్ట్రేలియా పెన్షన్ ఫండ్ యూనిసూపర్‌కి దాదాపు అలాంటిదే జరిగింది. గూగుల్ క్లౌడ్ వైపు ఒక సెట్టింగ్ ఖాళీగా వదిలేయడం వల్ల వాళ్ల ప్రైవేట్ క్లౌడ్ ఒకటి మొత్తంగా డిలీటైంది. 5 లక్షలకు పైగా సభ్యులు వారం పాటు తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. వేరే ప్రొవైడర్ దగ్గర కూడా బ్యాకప్‌లు ఉంచుకోవడం వాళ్లను ఆదుకుంది. అంతకుముందు 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, అసలు డేటా, బ్యాకప్ రెండూ అక్కడే ఉంచుకున్నవాళ్లకు ఏమీ మిగల్లేదు. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియా డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌కి నిప్పంటుకుంది. ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టీబీ పోయింది. దానికి బయట బ్యాకప్పే లేదు. రెండో చోటు లేదన్న సాకు కూడా మన దగ్గర ఇప్పుడు లేదు. అమెజాన్ క్లౌడ్‌కి ముంబై రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) 2016 నుంచి ఉంది, హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో తెరుచుకుంది. దేశం దాటకుండానే రెండో చోట ఇంకో కాపీ ఉంచుకోవచ్చు.

ఇంకో సందేహం నాలోనే ఉంది, దానికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. పరీక్షించే స్క్రిప్టుని ఎవరు పరీక్షించాలి? నేను చేస్తున్నది ఇంతే. మూడు నెలలకోసారి కావాలనే ఒక చెడిపోయిన డంప్ పెడతాను. ఒకసారి ఖాళీది, ఒకసారి సగంలో తెగినది, ఒకసారి పేర్ల బదులు ప్రశ్నార్థకాలున్నది. ఫోన్ మోగాలి. పోయిన ఏడాది ఒకసారి మోగలేదు. మెసేజ్ పంపడానికి అనుమతిచ్చే టోకెన్ గడువు తీరిపోయి ఉంది. అది తెలిసేసరికి చేతులు చల్లబడ్డాయి.

ఆదివారం పొద్దున

2019 తర్వాత పాల సంఘం కోసం రాసిన స్క్రిప్టులో పంపే భాగం పది పన్నెండు లైన్లే. మిగిలిందంతా తిరిగి తెచ్చే భాగం. ప్రతి ఆదివారం పొద్దున నాలుగింటికి ఒక తాత్కాలిక సర్వర్ లేస్తుంది, ముందు రాత్రి బ్యాకప్ దించుకుంటుంది, డేటాబేస్ నిలబెడుతుంది, లెక్కలు సరిచూస్తుంది, పేర్లలో తెలుగు అక్షరాలున్నాయో లేదో చూస్తుంది, ఎంతసేపు పట్టిందో రాసుకుని తనను తాను తీసేసుకుంటుంది. పోయే ముందు ఐదుగురు సభ్యులను లాటరీలా ఎంచి, వాళ్ల పేర్లు, చివరి పూట పోసిన లీటర్లు సెక్రటరీ గారి టెలిగ్రామ్‌కి పంపుతుంది. వాటిని ఆయన చదివి సరే అనాలి. ఆయన నుంచి జవాబు రాకపోతే సాయంత్రం నేను ఫోన్ చేస్తాను.

మొదట్లో ఆయనకు ఇది ఎందుకో చెప్పడానికి తడబడ్డాను. దాచిన డేటా పనికొస్తుందో లేదో కొంచెం తీసి చూస్తున్నాం అంటే వెంటనే అందుకున్నారు. "అంటే విత్తనం కట్టి చూడటమే కదా." ఇంట్లో దాచిన విత్తనాన్ని నేరుగా చల్లరు. వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెలో చుట్టి, ఎన్ని మొలిచాయో చూసుకుని అప్పుడు పొలానికి తీసుకెళ్తారు. నేను మూడేళ్లు మొలక చూడకుండా విత్తనం దాచానని ఆ మాటతో నాకు అర్థమైంది.

పోయిన ఆదివారం ఆయన జవాబు ఆరింటికే వచ్చింది. నాలుగు పేర్లకు సరే అని ఉంది. ఐదో పేరు కింద ఇలా రాశారు: "ఈమె పోయిన శుక్రవారం చనిపోయింది బాబూ. గేదె కొడుకు దగ్గర ఉంది. నంబరు అదే ఉంచి పేరు మార్చాలి. పెద్దకర్మ అయ్యాక మారుద్దాం, అప్పటిదాకా చీటీ ఆమె పేరు మీదే రానీ."